‘నిజమేనా?’ బోర్డు: బస్టాండు ముందు 52 రోజులు

1వ రోజు

బోర్డు తగిలించాం. హైస్కూలు స్టోరు రూములో విరిగిన బెంచీల కింద పడి ఉన్న పాత నల్లబల్ల ఇది. ఒక మూల చెదలు తినేశాయి. ఆ మూల రంపంతో కోయించి, ఉప్పుకాగితంతో రుద్ది, నల్ల పెయింటు రెండుసార్లు పూశాం. చివరికి మిగిలింది నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. పైన పసుపు రంగుతో ‘నిజమేనా?’ అని రాయించాను. ఊళ్లో తిరిగే పుకార్లు నిజమో కాదో రాయడానికి కిందంతా సుద్దముక్కకు వదిలేశాం.

నేను పనిచేసే శాఖా గ్రంథాలయం వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రంలో, బస్టాండుకు ఎదురుగా ఉంది. లోపలికి వచ్చి పేపరు చదివేవాళ్లు తక్కువ, బయట టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లు ఎక్కువ. అందుకే బోర్డును లైబ్రరీ గోడకు కొట్టకుండా, టీ కొట్టు నీలి పట్టా కింద గుంజకు జీఐ తీగతో కట్టాం. కొట్టు అన్న ఒకటే షరతు పెట్టాడు: "రాజకీయం రాయకు మేడం, గిరాకీ పోతది."

ఈ పనికి దిగడానికి కారణం పోయిన వారం జరిగింది. బడులు తెరిచిన మూడో రోజే ఊరి గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట, పక్క మండలంలో ఇద్దరు దొరికారట. అదే సాయంత్రం దుప్పట్లు అమ్ముకునే ఒక ముసలమ్మనూ ఆమె కొడుకునూ బస్టాండు దగ్గర ఆపారు. మూటలు విప్పమన్నారు, ఆధార్ చూపించమన్నారు. వాళ్లకు తెలుగు రాదు. పదిమంది కాస్తా యాభైమంది అయ్యారు. అదృష్టం, డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ పరుగున వచ్చి ఇద్దరినీ లైబ్రరీ వరండాలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. నేను మంచినీళ్లిచ్చాను. ఆమె చేతులు వణికి గ్లాసులో సగం నీళ్లు చీరమీద పడ్డాయి.

తెల్లారి ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ మాత్రం గ్రూపులో అలాగే ఉంది. ఇప్పటికీ ఉంది.

మా వైపు వాళ్లకు ఇది కొత్త కాదు. 2018 వేసవిలో ఇవే పుకార్లు. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, జానపద కళాకారులతో డప్పు కొట్టించి పాటలు పాడించారు. అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో ఐదుగురు సంచార జాతివాళ్లను కొట్టి చంపారు. రెండు వారాలు తిరక్కుండానే బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి జనం ఒక స్నేహితుల బృందం మీద పడితే, హైదరాబాదు యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. బీదర్ మనకు ఎంత దూరం?

3వ రోజు

మొదటి తప్పు.

నిన్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో "పక్క మండలంలో పిల్లల దొంగలు దొరికారు" అని రాసి, కింద చిన్నగా "అబద్ధం. పోలీస్ స్టేషన్‌లో అడిగాం, అలాంటి కేసు లేదు" అని రాశాను. ఇవాళ పొద్దున షేరింగ్ ఆటో డ్రైవర్ ఒకడు ప్యాసింజర్లతో అంటున్నాడు: "లైబ్రరీ బోర్డు మీదనే రాసిండ్రు, దొరికిండ్రంట."

వాడిని తిట్టబోయి ఆగాను. వాడు ఆటోలోంచి చూశాడు. అక్కడ్నుంచి కనిపించేది పై వరుస ఒక్కటే. కావాలంటే చూడమని నన్నూ ఆటోలో కూర్చోబెట్టాడు. నిజమే, ‘అబద్ధం’ అన్న మాట టీ తాగేవాళ్ల తలల వెనక దాక్కుంది. పుకారును ఆపుతానని బయల్దేరి నేనే దానికి సైన్‌బోర్డు కట్టిపెట్టాను.

చెరిపి మళ్లీ రాశాను. పైన పెద్దగా: "మన మండలంలో, పక్క మండలంలో పిల్లల్ని ఎత్తుకుపోయిన కేసు ఒక్కటీ లేదు." మధ్యలో: ఎవరిని అడిగాం, ఎప్పుడు అడిగాం. అడుగున చిన్నగా: "దొంగలు దొరికారని తిరుగుతున్న వాయిస్ మెసేజ్ తప్పు." ఇకనుంచి వరస ఇదే. నిజం పైన, పుకారు అడుగున. దూరం నుంచి ఒక్క ముక్కే చదివినా నిజమే చదవాలి.

6వ రోజు

పాత స్మార్ట్‌ఫోను ఒకటి 3,200 రూపాయలకు దొరికింది, సిమ్ విడిగా. వాట్సాప్ బిజినెస్ వేశాను. ఎవరు మెసేజ్ పెట్టినా "అందింది, చూసి సాయంత్రంలోగా చెప్తాం" అని దానంతట అదే జవాబు వెళ్తుంది. నంబరు బోర్డు కింద రాశాం.

ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసి నాలుగు గళ్లు గీశాను: ఏం వచ్చింది, ఎక్కడి నుంచి, ఏం తేలింది, నిజం తిరిగి ఆ గ్రూపుకే వెళ్లిందా. నాలుగో గడి గీసేటప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాను.

8వ రోజు

వాన. సుద్దరాతంతా కొట్టుకుపోయింది. పట్టా చిరిగి నీళ్లన్నీ టీ పొయ్యి మీదే కారాయి.

11వ రోజు

మధ్యాహ్నం లైబ్రరీ చల్లగా ఉంటుందని వచ్చి కూర్చునే అవ్వ ఒకామె ఉంది. చదువు రాదు. బోర్డు మీద ఏముందో నాతో చదివించుకుని వెళ్తుంది. ఇవాళ ఆమెను అడిగాను, ఫోన్లు లేనప్పుడు ఇలాంటివి ఎట్లా వచ్చేవని.

"స్కైలాబు పడ్తదన్నరు గద" అంది వెంటనే. "నా లగ్గమైన కొత్తల. మా ఊర్ల ఎవలు పనికి పోలే. ఎట్లాగూ సస్తం గదాని కోళ్లు కోసుకున్నరు, మ్యాకలు కోసుకున్నరు. మా మామ ఉన్న ఒక్క పొట్టేలు కోసిండు."

1979 జులై సంగతి. స్కైలాబ్ నిజంగానే కూలింది. అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం, 77 టన్నుల బరువు, ఎక్కడ పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేని మాటా నిజమే. చివరికి శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. పుకారులో ఇదే చిక్కు. నడుమ ఒక నిజం గింజ ఉంటుంది, దాని చుట్టూ పొట్టు పేరుకుంటుంది. మొత్తం అబద్ధమని కొట్టిపారేస్తే ఆ గింజ తెలిసినవాడు మన మాట నమ్మడు.

"మరి ఎక్కడో దూరంగా పడిందని తర్వాత ఎవరైనా వచ్చి చెప్పారా అవ్వా?"

"ఎవలు చెప్తరు బిడ్డా? భయం చెప్పనీకి ఊరంత వచ్చిండ్రు. భయం లేదని చెప్పనీకి ఎవలొస్తరు? పొద్దు పొడిసింది, బతికే ఉన్నం, పనికి పోయినం. పొట్టేలు పాయె."

ఇంటికి వచ్చాక నోట్‌బుక్కు తీసి చూశాను. ఇప్పటికి 19 మెసేజ్‌లు తేల్చాం. నాలుగో గడిలో ఒక్క టిక్కు లేదు.

15వ రోజు

హైస్కూల్లో తొమ్మిదో తరగతి. హెడ్‌మాస్టరు గారు ఒక పీరియడ్ ఇచ్చారు, ప్రొజెక్టరు కూడా ఇచ్చారు. (ప్రొజెక్టరు పనిచేసింది. పండగే.)

2018లో దేశమంతా తిరిగిన వీడియో వేశాను. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు. బైకు మీద ఇద్దరు వస్తారు, ఒక పిల్లాడిని ఎత్తి బైకు మీద వేసుకుని వెళ్లిపోతారు. మిగతా పిల్లలు వెంటపడతారు. అక్కడ ఆపేశాను. తరగతిలో చప్పుడు లేదు. ఒక పిల్ల అంది: "ఇది మా నాన్న ఫోన్ల సూశ్న మేడం. మన దిక్కే జరిగిందన్నడు."

తర్వాత అసలు వీడియో వేశాను. అదే వీధి, అదే బైకు. కానీ బైకు వెనక్కి తిరిగి వస్తుంది. పిల్లాడిని దించేస్తారు. బైకు మీదివాడు ఒక బోర్డు విప్పి చూపిస్తాడు. కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని. పాకిస్తాన్‌లో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థ తీసిన ప్రచార చిత్రం అది. చివరి ముక్క కత్తిరించారు, అంతే. గ్రాఫిక్స్ లేవు, ఏఐ లేదు, కత్తెర ఒక్కటి సరిపోయింది. పిల్లల్ని కాపాడమని తీసిన బొమ్మే మన దేశంలో అమాయకుల చావుకు వచ్చింది.

పిల్లలు గోలగోలగా మాట్లాడుకున్నారు. వెనక బెంచీవాడు లేచి, "అయితే ప్రతి వీడియోకు చివర ఏముందో సూడాల్నా మేడం?" అన్నాడు. చివర, మొదలు, రెండూ చూడమన్నాను. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఏఐతో వేరే అమ్మాయికి అతికించి తిప్పిన లిఫ్టు వీడియో గురించి చెప్పాను. అందులో పట్టు దొరికింది మొదట్లోనే. లిఫ్టులోకి అడుగుపెట్టే క్షణంలో వేరే అమ్మాయి ముఖం కనిపించి, ఒక్కసారిగా మారిపోతుంది. నిదానంగా నడిపిస్తే తప్ప కంటికి ఆనదు. ఆ కేసులో నిందితుడిని ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో పట్టుకున్నారనగానే క్లాసంతా "ఆఁ?" అంది. దొంగ ఎక్కడో విదేశంలో ఉంటాడని అందరి లెక్క.

సోషల్ సార్ ఒక ప్రశ్న వేశారు: ఇది నిజం, ఇది అబద్ధం అని తేల్చడానికి మనమెవరం? మంచి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ పథకాల మీద వచ్చేవాటిని ఆ ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ‘ఫ్యాక్ట్ చెక్’ విభాగం 2019 నుంచి చూస్తోంది. కానీ ప్రభుత్వం గురించి రాసింది తప్పో ఒప్పో ప్రభుత్వమే తేల్చి, దాన్ని తీసేయించే దారి పెట్టిన 2023 నాటి నిబంధనను 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు కొట్టేసింది. నాకైతే కొట్టేయడమే సబబు అనిపించింది. తేల్చేవాడు ఎవరైనా ఎట్లా తేల్చాడో చూపించాలి. ఇలాంటివి తేల్చే హైదరాబాదు సంస్థ ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులో రాసేటప్పుడు అసలు ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో లంకె ఇచ్చి చూపిస్తారు. చదివినవాడు వెళ్లి తానే చూసుకోవచ్చు. మా బోర్డుకూ అదే పెట్టుకున్నాను: ఎవరిని అడిగామో రాయకుండా తీర్పు రాయొద్దు.

20వ రోజు

ఇవాళ్టిది కాస్త వివరంగా రాస్తాను.

ఎగువన కర్ణాటకలో వానలు. పొద్దున్నుంచి ఫోనుకు ఒకే వీడియో ఎనిమిది మంది పంపారు. నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతున్నాయి. మీద తెలుగులో "జూరాల గేట్లన్నీ ఎత్తేశారు, ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయండి" అని ఉంది. పైన జంట బాణాల గుర్తు, అంటే చాలాసార్లు చేతులు మారింది. అట్లాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్కరికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తుంది, 2020 నుంచి ఆ కట్టడి ఉంది. అయినా ఎనిమిది మందికి చేరింది. ఒక్కొక్కరికే పంపే ఓపిక జనానికి ఉంది మరి.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మ ఇస్తే అలాంటివి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌కు ఇచ్చాను. నీళ్లు, నురగ, నీళ్లు. ప్రపంచంలోని డ్యాములన్నీ చూపించింది. ఇంకోచోట ఆపి ఇంకో స్క్రీన్‌షాట్. అంతే. అరగంట పోయింది.

కృష్ణలో చేపలు పట్టే తాత ఒకాయన టీకి వచ్చాడు. ఫోను ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు లేవు, ఫోను చేయి బారుకు పట్టుకుని చూశాడు. పది సెకన్లు కూడా కాలేదు.

"జూరాలెక్కడిది? గిది శ్రీశైలం."

"ఎట్లా చెప్తున్నావు తాతా?"

"గుట్టలు సూడు. రెండు దిక్కులా గుట్టలు, నడిమిట్ల కట్ట. మన జూరాల గిట్ల లోయల ఉంటదా? సాపు మీద సాగదీసినట్టుంటది. గేట్లు లెక్కవెట్టు."

లెక్కపెట్టాం. వీడియో ఒక్క క్షణం వెనక్కి జరిగి కట్ట మొత్తం కనబడేచోట ఆపి, సుద్దముక్కతో టేబుల్ మీద గీతలు గీస్తూ. పన్నెండు. శ్రీశైలానికి పన్నెండు గేట్లే. జూరాలకు అరవైకి పైనే.

లెన్స్‌కు ఈసారి ‘శ్రీశైలం’ అన్న మాట కూడా కలిపి ఇస్తే అదే దృశ్యం పాత ఏడాదిది దొరికింది. ప్రాజెక్టు ఆఫీసు వైపు నుంచి ఆ రోజుకు అంత వరద లేదని ఇరిగేషన్‌లో పనిచేసే ఒకాయన చెప్పారు. బోర్డు మీద రాశాను: "జూరాల నుంచి ఊళ్లు ఖాళీ చేయమన్న హెచ్చరిక లేదు. తిరుగుతున్న వీడియో శ్రీశైలానిది, పాతది. గేట్లు లెక్కపెట్టండి: 12."

ఆ ‘గేట్లు లెక్కపెట్టండి’ అన్న ముక్క నేను ఊహించనంత పనిచేసింది. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర కుర్రాళ్లందరూ ఫోన్లు పట్టుకుని లెక్కపెడుతున్నారు. నేను తీర్పు చెప్తే విని వెళ్లేవాళ్లు. లెక్క వాళ్ల చేతికిస్తే ఎవరికి వాళ్లు పక్కవాడికి చూపించారు. నాలుగో గడిలో మొదటి టిక్కు ఇవాళ పడింది. ఒక కుర్రాడు వాళ్ల క్రికెట్ గ్రూపులో పెట్టాడు: "లెక్క రానోళ్లకు, ఇది శ్రీశైలం." మర్యాద లేదు. అయినా టిక్కే.

ఇంకో మాట. టీ కొట్టుకు పట్టా తీసేసి రేకులు వేయించారు. బోర్డు ఇక తడవదు.

24వ రోజు

రెండో తప్పు, పెద్దది.

"రేపు పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా కరెంటు ఉండదు" అని మెసేజ్. సంతకం లేదు, తేదీ లేదు, అక్షర దోషాలు. కరెంటు ఆఫీసు తెలిసినాయనకు ఫోన్ చేస్తే "నాకైతే తెలియదమ్మా" అన్నాడు. నేను ‘తెలియదు’ను ‘లేదు’గా చదువుకున్నాను. "కరెంటు కోత లేదు" అని బోర్డెక్కించాను.

కోత ఉంది. లైన్ల దగ్గర చెట్ల కొమ్మలు కొట్టారు. పిండి గిర్ని ఆయన బోర్డు చూసి పక్క ఊరివాళ్లను కూడా రమ్మన్నాడట. జొన్నల సంచులతో వచ్చి, రెండింటి దాకా చెట్టు కింద కూర్చున్నారు. ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు: "ఫోన్ల వచ్చిందే నమ్మి ఉంటె మంచిగుండు."

చెరిపేయబుద్ధయింది. చెరపలేదు. తప్పు రాత మీద అడ్డగీత కొట్టి, పక్కన "ఇది మా తప్పు. ఒక్కరినే అడిగి రాశాం. కోత ఉంది" అని రాసి వారం రోజులు అలాగే ఉంచాలని అనుకున్నాను. తీర్పులు కూడా రెండు కాదు, మూడు చేశాను: నిజం, అబద్ధం, ఇంకా తేలలేదు. మూడోది రాయడానికి చేయి రావడం లేదు. జనం ముందు తెలియదని రాయడం లైబ్రరీవాళ్లకు నామోషీ.

విచిత్రం, ఆ అడ్డగీత పడ్డాక ఫోనుకు వచ్చే మెసేజ్‌లు తగ్గలేదు, పెరిగాయి. ఎందుకో కచ్చితంగా చెప్పలేను. గిర్ని ఆయన కూడా నిన్న ఒకటి పంపాడు, కింద "ఈసారి ఇద్దర్ని అడుగు" అని.

27వ రోజు

ఆశా అక్క గట్టిగా పట్టుబట్టి ఒకటి రాయించింది. గుండెనొప్పి వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారని ఏళ్లుగా తిరిగే మెసేజ్. వైద్యులు దాన్ని ఇంట్లో చేసుకునే చికిత్సగా ఒప్పుకోరు. "దగ్గుకుంట కూసుంటె టైము పోతది మేడం, ముందు 108కి కొట్టాలె" అంది. పైన పెద్దగా రాసింది అదే: "ఛాతీలో నొప్పా? వెంటనే 108." కింద దగ్గు సంగతి. ఈ బోర్డు మూడు రోజులు మార్చలేదు.

33వ రోజు

పొద్దున ఎనిమిదింటికి తాళం తీయకముందే ఒక రైతు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోను నిప్పు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

పీఎం కిసాన్ డబ్బులు ఆగిపోయాయి, ఇది నొక్కి సరిచేసుకోండని ఒక ఏపీకే ఫైలు వచ్చింది, నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే రకం. పంపింది తెలిసినవాడే, ఊళ్లో ఎరువుల కొట్టాయన. నొక్కాడు. ఏదో అడిగింది, ‘అలో’ నొక్కాడు. ఇంకేదో అడిగింది, మళ్లీ నొక్కాడు. రాత్రి నుంచి అతని నంబరు మీదుగా అదే ఫైలు అన్ని గ్రూపులకూ దానంతట అదే పోతోంది. ఎరువుల కొట్టాయనకు జరిగింది కూడా అదే అన్నమాట.

ముందు నెట్ ఆపించి, సిమ్ తీసేశాం. నా ఫోను నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించాను. బ్యాంకు తెరిచాక ఖాతా నిలిపివేయించాం. ఆ తర్వాత ఆ యాప్ వెతికి తీసేశాం, మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని కూర్చుంది. ఓటీపీలు చదవడానికే అది.

పాస్‌బుక్కు చూస్తే ఖాతాలో 412 రూపాయలున్నాయి. పోలేదు. "ఉంటె గద మేడం పోయేది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడాదికి 6,000, మూడు విడతలుగా రెండేసి వేలు. విడత పడ్డ రోజు నొక్కి ఉంటే?

బోర్డు మీద ఇవాళ నిజమా అబద్ధమా అన్న గోల లేదు: "ఫైలు పేరు చివర డాట్ ఏపీకే ఉంటే ముట్టుకోవద్దు. పంపింది అన్న అయినా, తమ్ముడైనా. పీఎం కిసాన్ సైటు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటుంది. నొక్కేశారా? 1930."

38వ రోజు

నాలుగో గడి సంగతి తేల్చుకోవాలని మహిళా సంఘం మీటింగుకు వెళ్లాను. నోట్‌బుక్కు ముందు పెట్టి అడిగాను. ఇన్ని తేల్చాం, అబద్ధమని మీకు తెలిసింది, మరి వచ్చిన గ్రూపుకే ఎందుకు తిరిగి పంపడం లేదు?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకక్క: "మాకు పంపింది అల్లుడు మేడం. అల్లునికి నువ్వు తప్పు పంపినవని ఎట్ల చెప్తం?"

తేనెతుట్టె కదిలింది. ఒకరికి పంపింది పెద్దబావ. ఒకరికి ఆడబిడ్డ భర్త. ఒకామెకు కొడుకు చదువుకునే బడి సారు. నేను నెల రోజులుగా జనానికి నిజం తెలియడం లేదనుకుంటున్నాను. తెలుసు. తెలిసినా ఎదురు చెప్పలేని చోటి నుంచి వస్తోంది అబద్ధం.

నేను ముందుగా రాసుకెళ్లిన నమూనా చదివాను: "ఈ వార్త అసత్యం. దయచేసి నిర్ధారించుకోకుండా ఫార్వర్డ్ చేయవద్దు." ఒకటే నవ్వులు. "గిది పోలీసోళ్లు నోటీసు అంటించినట్టున్నది."

అక్కడే కూర్చుని మళ్లీ రాశాం. ‘అసత్యం’ తీసేశారు. ‘దయచేసి’ తీసేశారు, ఇంట్లోవాళ్లతో అట్లా ఎవరు మాట్లాడతారని. ‘నువ్వు పంపింది’ అన్నది అసలే వద్దన్నారు. గంటసేపు కొట్టుకుంటే మిగిలింది ఇది: "ఈ వీడియో మాకు కూడ వచ్చింది. భయమై లైబ్రరీల అడిగితే ఇది పాతదని, వేరే దేశందని చెప్పిండ్రు. ఇప్పుడు మనసు కుదుటవడ్డది. మీకు కూడ చెప్దామని." తప్పెవరిదీ కాదు. భయం మాది, ఊరట మాది, మీకూ కొంత ఇస్తున్నాం, అంతే.

"అయినా అత్త అల్లునికి నేరుగ పంపదు" అంది మొదటి అక్క. "బిడ్డకు పంపుతం. బిడ్డ సూపిచ్చుకుంటది."

అట్లా అయితే అట్లానే. దారి చుట్టయినా ఇల్లు చేరితే చాలు. రాయలేనివాళ్ల కోసం దాన్నే ఒకక్క గొంతుతో రికార్డు చేశాం, 20 సెకన్లు. నా గొంతు వద్దన్నారు. నేను మాట్లాడితే వార్తలు చదివినట్టుందట.

వారంలో నాలుగో గడిలో 11 టిక్కులు.

45వ రోజు

సంత. 2018లో ఊరూరా తిరిగి పాడిన బృందంలోని డప్పు తాతను పిలిచాం. అప్పుడు పక్కన పోలీసులుండేవారు, జనం దూరంగా నిలబడేవారట. ఇప్పుడు నేనూ టీ కొట్టు అన్నా మాత్రమే. గడ్డి మంటలో డప్పు కాచుకుంటూ కొత్తగా ఒకటి కట్టాడు:

"ఫోన్ల వచ్చినదల్ల వేదమైతదా ఓరన్న,
పంపినోడు కండ్లార సూసిండా అడుగన్న,
ఆ వీడియో మొదలేంది, కొస యేంది తమ్ముడో,
గేట్లు లెక్కవెట్టినోడె గెలిసినోడు తమ్ముడో."

గేట్ల సంగతి ఆయనకు ఎవరు చెప్పారో!

పాట అయ్యాక దుప్పట్లమ్మే ముసలమ్మ గురించి చెప్పాడు. పేరు లేదు, ఊరు లేదు. ఆమె ఎట్లా గ్లాసు పట్టుకోలేకపోయిందో మాత్రం చెప్పాడు. ఆరోజు ఆ గుంపులో ఉన్నవాళ్లలో ఇద్దరు సంతలోనే ఉన్నారు. తలలు వంచుకున్నారని రాయాలని ఉంది కానీ, నేను వాళ్ల ముఖాలు చూడలేదు. అటు చూడలేకపోయాను.

52వ రోజు

పొద్దున బోర్డు ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పైన జంట బాణాలు. కింద రాత: "పిల్లల దొంగలు మళ్లీ దిగారు. లైబ్రరీ బోర్డు మీదే రాశారు, చూడండి."

ఫోటోలో ఉన్నది మా బోర్డే. నా చేతిరాతే. "పక్క మండలంలో పిల్లల దొంగలు దొరికారు." ‘అబద్ధం’ అన్న కింది వరుస ఫోటోలో లేదు, కత్తిరించేశారు. చెరిపేసి యాభై రోజులైంది ఆ రాతను. ఆనాడెవరో ఫోటో తీసి ఉంచుకున్నారు.

కాళ్లు ఆడలేదు. నంబరు మార్చాలా, బోర్డు తీసేయాలా అనుకుంటూ బయటికి వచ్చాను. టీ కొట్టు అన్న అప్పటికే ఫోను పట్టుకుని ముగ్గురు ఆటోవాళ్లకు చెప్తున్నాడు. వాళ్ల స్టాండు గ్రూపులోనూ పడిందట.

"గిది పాత ఫోటో. నా కొట్టు సూడుండ్రి, నీలి పట్టా ఉన్నది. రేకులేసి నెల దాటె. మరి గీన్ల రేకులేవి?"

ఆటోవాళ్లు తలెత్తి పైకి చూశారు. రేకులు. ఫోటోలోకి చూశారు. పట్టా.

అన్న కొట్టు ముందుకు వచ్చి, రేకులు కనిపించేటట్టు బోర్డును ఫోటో తీసి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, వచ్చిన గ్రూపుకే తిరిగి పంపాడు. కింద ఏం రాశాడో తర్వాత చూపించాడు: "మాక్కూడ ఇదొచ్చింది. మా కొట్టే కాబట్టి చెప్తున్న, ఇది పట్టా ఉన్నప్పటిది. ఛాయ్ తాగనీకి వస్తే సూపిస్త."

నేను నోట్‌బుక్కు తెచ్చి అతని ముందు పెట్టాను. నాలుగో గడిలో టిక్కు తనే పెట్టుకున్నాడు. తర్వాత సుద్దముక్క అడిగాడు, ఇవాళ బోర్డు తను రాస్తానని. ‘లైబ్రరీ’లో వత్తు తప్పు రాశాడు. దిద్దలేదు.